రెండు అరల జ్ఞాపకము

పోయినదనుకొన్న వస్తువు ఇంటిలోనే ఉండుట మనకందరకు అనుభవమే. పెట్టె క్రింద పెట్టె ఉండును; పై పెట్టె తెరచి చూచి, లేదని నిశ్చయించుకొని, ఇల్లెల్ల వెదకుదుము. కంప్యూటరు చరిత్రలో ఇట్టి పెట్టెల కథ యొకటి ఉన్నది. దానిని మెమరీ బ్యాంకుల మార్పిడి యందురు. వినుటకు శాస్త్రవిషయము, కాని నాకు ఇది జిన్నారమున మా మేనమామ ఇంటి అరుగు మీద, ఒక వేసవి సాయంకాలమున తెలిసివచ్చిన సంగతి. కనుక అక్కడినుండియే ఆరంభింతును.

జిన్నారము పటాన్‌చెరుకు ఉత్తరపు దిక్కున ఉన్న ఊరు. 2016 అక్టోబరు 11వ తేదీన సంగారెడ్డి జిల్లా ఏర్పడువరకు అది మెదకు జిల్లాలోనిది. నా చిన్ననాటికే రామచంద్రాపురము, పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములలో కర్మాగారములు వెలసి ఉండెను. పొలమునకు పోవువారును, పాళీ డ్యూటీకి పోవువారును ఒకే బాటను నడచుచుండిరి. మా మామ ఒక కర్మాగారమున స్టోర్సు గుమాస్తా. పగలు కర్మాగారపు లెక్కలు. సాయంకాలము ఊరివారి చీటీ లెక్కలు. ఇరువదిమంది సభ్యులు, నెలకు అయిదువందల రూపాయలు, ఇరువది నెలలు. నెల మొదటి ఆదివారమున అరుగు మీద పాట జరుగును.

1991వ సంవత్సరపు వేసవికి నేను అక్కడికి పోయినప్పుడు, చీటీ లెక్కలు పుస్తకమున లేవు. ఒక చిన్న యంత్రమున నుండెను. అమెరికానుండి సెలవుపై వచ్చిన మామ బావమరిది దానిని తెచ్చి ఇచ్చి పోయెనట. పలక కంటె కొంచెము పెద్దది. పైన ఎనిమిది వరుసల తెర, క్రింద మీటలు. కరెంటు పోయినను ఆగదు. టార్చిలైటులో వేయు సన్నపు సెల్లులు నాలుగు వేసినచో పనిచేయును. కరెంటు కోతల కాలమున ఇది తక్కువ గుణము కాదు. ఊరిలో దానిని అందరును ‘లెక్కల పెట్టె’ అనిరి.

ఆ యంత్రము పేరు ఎన్‌ఈసీ పీసీ-8201ఏ. 1983వ సంవత్సరమున వెలువడినది. ఒకే కాన్పులో పుట్టిన కవలలవలె జపానులోని క్యోసెరా సంస్థ రూపొందించిన ఒకే నమూనానుండి మూడు ప్రసిద్ధ యంత్రములు బయలుదేరినవి. అమెరికాలో టాండీ సంస్థ అమ్మినది టీఆర్‌ఎస్-80 మోడల్ 100. ఇటలీకి చెందిన ఒలివెట్టి అమ్మినది ఎం-10. జపానులో ఎన్‌ఈసీ అమ్మినది ఈ 8200 వంశము. వీని లోపలి ప్రోగ్రాములను మైక్రోసాఫ్ట్ వ్రాసెను. బిల్ గేట్స్ స్వయముగా కూర్చుండి వ్రాసిన చివరి యంత్రములలో మోడల్ 100 ఒకటి. ఆ కాలపు పత్రికా విలేఖరులు ఈ యంత్రములను వెంట గొనిపోయి, వార్తను అక్కడనే టైపు చేసి, టెలిఫోను తీగ ద్వారా కార్యాలయమునకు పంపుచుండిరి. ఒడిలో పెట్టుకొని పనిచేయు కంప్యూటరు సామాన్యుని చేతికి వచ్చుట ఈ తరముతోనే ఆరంభమైనదనవచ్చును.

మామ ఆ యంత్రమున బేసిక్ భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాసికొనెను. బేసిక్ 1964వ సంవత్సరము మే 1వ తేదీన అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో పుట్టినది. కెమెనీ, కర్ట్జ్ అను ఇరువురు గణితాచార్యులు, శాస్త్రము చదువని విద్యార్థికి కూడ కంప్యూటరు అందవలెనని దానిని కల్పించిరి. జిన్నారమున స్టోర్సు గుమాస్తాకు అందుటతో వారి ఉద్దేశము నెరవేరినదని చెప్పవలెను. ఇరువదిమంది చీటీ పదివేలు. ఒకడు పదునైదువందలు తగ్గించుకొని పాట పాడినచో, ఆ పదునైదువందలు ఇరువదిమందికి పంచగా తలకు డెబ్బదియైదు. కావున ఆ నెల ఒక్కొక్కరు కట్టవలసినది నాలుగువందల ఇరువదియైదు. ఈ గణితమును యంత్రము రెప్పపాటులో చేసి, ఎవరెన్ని కిస్తులు కట్టిరో చూపుచుండెను.

ఆ ఆదివారము మధ్యాహ్నమున మామ నిద్రించుచుండగా నేను పెట్టెను తెరచితిని. ముట్టుకొనవలదని నాకు చెప్పియుండిరి. రెండు మూడు మీటలు నొక్కితిని. తెరమీది పేర్లు ఒక్కసారిగా మాయమైనవి. బేసిక్, టెక్స్ట్, టెల్‌కామ్ అను మూడు పేర్లు మాత్రము నిలిచినవి. మామ వ్రాసికొన్న చీటీ లెక్కల జాడ లేదు. నేను భయపడి, మీట ఆర్పి, మూత వేసి, చింతచెట్టు క్రిందికి పోయి కూర్చుంటిని. ఎవరికిని చెప్పలేదు.

సాయంకాలము సభ్యులు కూడిరి. మామ పెట్టె తెరచెను, చూచెను, మరల ఆర్పి వెలిగించెను. ఆయన ముఖము నాకు నేటికిని జ్ఞాపకమున్నది. “లెక్క కనవడ్తలేదు,” అనెను. అంతట ఒకరు, “లెక్క పెట్టెల వెడ్తివి, ఇప్పుడు లెక్కనే లేదంటివి?” అనిరి. పదునాలుగు నెలల కిస్తులు అందులో నున్నవి. అరుగుమీద ఎవరును కొంతసేపు మాటలాడలేదు. పెద్దమనిషి యొకడు, “పొద్దున చూద్దాం తియ్యి,” అని అందరిని లేపెను.

ఇక్కడ కథను కొంచెము ఆపి, ఆ పెట్టెలో ఏమి జరిగినదో విచారింతము.

కంప్యూటరు జ్ఞాపకము వరుసగా కట్టిన గూళ్లవంటిది. ప్రతి గూటికి ఒక సంఖ్య, అనగా చిరునామా ఉండును. యంత్రపు మెదడనదగిన ప్రాసెసరు చిరునామాను కొన్ని తీగల ద్వారా పంపును. ఒక్కొక్క తీగ మీద ఉన్నది, లేదు అను రెండు స్థితులే. ఒక తీగతో రెండు గూళ్లు, రెండు తీగలతో నాలుగు, మూడింటితో ఎనిమిది. తీగ యొకటి పెరిగినప్పుడెల్ల గూళ్లు రెండింతలగును. ఆ చిన్న యంత్రములోని 80సీ85 అను ప్రాసెసరునకు చిరునామా తీగలు పదునారు. పదునారు తీగలతో లెక్కింపదగిన గూళ్లు 65,536. అంతకు మించి ఒక్క గూడును ఆ ప్రాసెసరు ఎరుగదు. చిరునామా లేని ఇంటికి జాబు పోనట్లే, సంఖ్య లేని గూటికి దాని చూపు పోదు.

ఆ 65,536 గూళ్లలో క్రింది సగము, అనగా 32,768 గూళ్లు, చదువుటకు మాత్రమే వీలైన జ్ఞాపకము. బేసిక్ మొదలగు శాశ్వత ప్రోగ్రాములు అందులో నుండును. పై సగము మనము వ్రాసికొని తుడుపదగిన జ్ఞాపకము. అది చాలదన్నచో ఏమి చేయవలెను? తీగలు పెంచుటకు ప్రాసెసరు మార్చవలెను. అది నిర్మాతకు పెనుభారము. అప్పుడు ఇంజనీరులు ఉపాయము పన్నిరి. అదే చిరునామాల వెనుక రెండవ 32,768 గూళ్ల వరుసను అమర్చిరి. ప్రక్కన గుచ్చదగిన చిన్న పెట్టె ద్వారా మూడవ వరుసను కూడ అనుమతించిరి. మూడు వరుసలకును 32768 మొదలు 65535 వరకు ఒకే చిరునామాలు. ఏ క్షణమున ఏ వరుస ముందుండవలెనో నిర్ణయించుటకు ఒక చిన్న మీట. ఇట్టి ఒక్కొక్క వరుసకే బ్యాంకు అని పేరు. మనము అర అందము.

మన తెలుగువారికి దీనిని బోధించుటకు సురభి నాటకము చాలును. 1885వ సంవత్సరమున కడప జిల్లా సురభి గ్రామమున పుట్టిన ఆ నాటక సమాజమువారి రంగస్థలము ఒక్కటే. కాని తెర ఎత్తినచో రాజసభ. మరియొక తెర దింపినచో అడవి. ఇంకొక తెర దింపినచో సముద్రము. ప్రేక్షకుడు కూర్చున్న చోటునుండి కదలడు. అడవి తెర దిగినప్పుడు రాజసభ నశింపలేదు. చుట్టబడి పైన నున్నది. నేను ఆ మధ్యాహ్నమున నొక్కినది తెర మార్చు మీట. షిఫ్టు మీటతో కలిపి ఎఫ్-5 అను మీట నొక్కినచో యంత్రము ఒకటవ అరనుండి రెండవ అరకు పోవును. రెండవ అరలో మామ ఏమియు వ్రాసి యుండలేదు. అందుచేత శాశ్వత ప్రోగ్రాములు మూడు మాత్రము కనబడినవి. అవి క్రింది సగమున నుండుటచేత ఏ అరకు పోయినను వెంట నుండును.

ఈ ఉపాయము 1983 నాటిది కాదు. దాని వంశవృక్షము పాతది. మన దేశమున బొంబాయిలోని టాటా పరిశోధనా సంస్థవారు నిర్మించి 1960వ సంవత్సరమున పూర్తిచేసిన టిఫ్రాక్ యంత్రమునకు అయస్కాంతపు పూసల జ్ఞాపకము ఉండెను. అందు 2048 పదములు మాత్రమే పట్టును. ఆ కాలమున జ్ఞాపకము బంగారము వలె ప్రియమైనది. కాబట్టి చిరునామాలు చాలవను చింత ఎక్కువగా లేదు. వెల తగ్గినకొలది చింత మొదలైనది. 1962వ సంవత్సరమున ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆరంభమైన అట్లాసు అను మహాయంత్రము జ్ఞాపకమును 512 పదముల పుటలుగా విభజించి, కావలసిన పుటను తానే తెచ్చుకొనునట్లు ఏర్పాటు చేసెను. అది ధనికుల మార్గము. బీదవారి మార్గము 1965లో వెలువడిన పీడీపీ-8 అను చిన్న యంత్రము చూపెను. దాని పదము పన్నెండు బిట్లది. పన్నెండు బిట్లతో 4096 గూళ్లకే చిరునామా. కాని ఎనిమిది క్షేత్రములు అమర్చి, ఒక్కొక్క క్షేత్రమున 4096 పదముల చొప్పున, మొత్తము 32,768 పదములు వాడుకొనవచ్చును. క్షేత్రమును మార్చుటకు ప్రత్యేకమైన ఆజ్ఞ ఉండెను.

పన్నెండు బిట్ల యంత్రమన్నచో హైదరాబాదువారికి మరియొక పేరు జ్ఞాపకమునకు రావలెను. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమైనది. ట్రాంబే అణుకేంద్రమున రూపుదిద్దుకొన్న టీడీసీ-12 అను పన్నెండు బిట్ల కంప్యూటరును 1969నుండి ఈ సంస్థ అందించినది. ట్రాంబే డిజిటల్ కంప్యూటరు అనునదే ఆ మూడక్షరముల విస్తరణ. తరువాత 1970ల నడుమ టీడీసీ-312, పదునారు బిట్ల టీడీసీ-316 వచ్చినవి. 1978లో ఐబీఎం మన దేశమును విడిచిపోవునాటికి, స్వదేశీ యంత్రములను నిర్మించినవారు మన నగరమున నుండిరి. చిరునామా చాలనప్పుడు ఏమి చేయవలెనను ప్రశ్న వారికి పుస్తకమునందలి ప్రశ్న కాదు, బల్లమీది ప్రశ్న. కొత్త ప్రాసెసరు దిగుమతి చేసికొనుట ఎంత కష్టమో ఆ తరము ఎరుగును. ఉన్నదానితో సరిపెట్టుకొనుటయు ఇంజనీరు విద్యలో ఒక భాగమే.

ఇక అర మార్పిడిలో ఒక చిక్కు కలదు. ఈ చిక్కే దాని రసము. మీట నొక్కి మెనూలోనుండి అర మార్చుట సుఖము. యంత్రము సర్వమును సర్దుకొనును. కాని బేసిక్ ప్రోగ్రామునుండియే అర మార్పవలెనన్నచో? 8201 యంత్రమున 161 అను సంఖ్యగల ద్వారము ఉన్నది. దానికి ఒక సంఖ్యను పంపినచో, ఆ సంఖ్యలోని అడుగు రెండు బిట్లు క్రింది సగమున ఏది నిలువవలెనో, తరువాతి రెండు బిట్లు పై సగమున ఏ అర నిలువవలెనో నిర్ణయించును. బేసిక్‌లో ద్వారమునకు సంఖ్య పంపుటకు ‘అవుట్’ అను ఆజ్ఞ ఉన్నది. ఒక్క పంక్తి వ్రాసిన చాలునని తోచును.

కాని వ్రాసినవాని ప్రోగ్రాము ఎక్కడ నున్నది? పై సగమునందే. అతని సంఖ్యలు, పేర్లు, బేసిక్ తాను ఎక్కడనుండి వచ్చెనో గురుతు పెట్టుకొను స్టాకు అను దొంతర, అన్నియు అక్కడనే. అర మారిన క్షణమున అవి యన్నియు కనుమరుగగును. తరువాతి పంక్తి చదువబోయిన బేసిక్‌కు ఆ చిరునామాలో వేరొక అరలోని పొంతన లేని గుర్తులు కనబడును. యంత్రము స్తంభించును; ఒక్కొక్కప్పుడు సమస్తమును తుడిచి మొదటినుండి ఆరంభింపవలసి వచ్చును. సురభి రంగస్థలమున నటుడు తెరమీద చిత్రింపబడిన బొమ్మయే అయినచో ఎట్లుండును? తెర చుట్టినచో తానును చుట్టుకొని పోవును. తాను కూర్చున్న కొమ్మను తాను నరకుకొనువాని కథ మనము చిన్ననాట విన్నదే.

దీనికి ఆనాటి సాధకులు కనుగొన్న ఉపాయము చక్కనిది. యంత్రభాషలో చిన్న తునుక యొకటి వ్రాయుదురు. దానిని ఒకటవ అరలో, బేసిక్ జోలికి రాకుండ ప్రత్యేకించిన ఒకానొక చిరునామాలో ఉంచుదురు. పిదప మెనూద్వారా రెండవ అరకు పోయి, అదే తునుకను అక్షరము తప్పకుండ అదే చిరునామాలో అక్కడ కూడ ఉంచుదురు. ఏటికి ఇరుప్రక్కల సరిగా ఎదురెదురుగా వేసిన మెట్లవంటివి ఇవి. తునుక పనిచేయుచుండగా అర మారినను, తరువాతి ఆజ్ఞ అదే చోట సిద్ధముగా నుండును. కావున ప్రాసెసరు తడబడదు. అయినను రెండు జాగ్రత్తలు పాటింపవలెను. సెకనుకు అనేక పర్యాయములు మీటలను పరిశీలించుటకు యంత్రము తన పనిని తానే ఆపి పోవుచుండును. అర మారిన వేళ ఆ పిలుపులను నిషేధింపవలెను. రెండవది, పరాయి అరలో ఉన్నంతసేపు స్టాకును తాకరాదు. వెళ్లవలెను, కావలసిన ఒక్క అక్షరమును చేత పట్టుకొనవలెను, వెంటనే తిరిగి రావలెను. చుట్టపు చూపుగా పోయినవాడు అక్కడ కాపురము పెట్టరాదు.

పీడీపీ-8 నిర్మాతలు ఈ చిక్కును ఇరువది యేండ్లకు ముందే యోచించిరి. ఆజ్ఞలు చదువు క్షేత్రమును మార్చుమని చెప్పినను ఆ యంత్రము తక్షణమే మార్చదు. తరువాత వచ్చు గెంతు ఆజ్ఞ వరకు వేచియుండును. గెంతుతోపాటు క్షేత్రము మారును. కాలు ఎత్తినప్పుడే పడవ మారవలెనను మాట ఇది. ఎన్ని యంత్రములు వచ్చినను, ఈ ఒక్క ఇంగితమును ప్రతి తరము మరల నేర్చుకొనవలసి వచ్చినది.

ఈ వంశమునందే 1984లో వెలువడిన టాండీ 200 యంత్రమున 24 వేల గూళ్ల అరలు మూడు ఉండెను. మన దేశపు బాలురకు మాత్రము అర మార్పిడి మరియొక దారిన వచ్చినది. 1984-85లో కేంద్రప్రభుత్వము క్లాస్ అను పథకము క్రింద పాఠశాలలకు కంప్యూటరులను పంపెను. అవి ఇంగ్లండులోని ఏకార్న్ సంస్థ 1981లో వెలువరించిన బీబీసీ మైక్రోలు. రేడియో సంస్థ పేరు కంప్యూటరుకు వచ్చుట మావంటివారికి వినసొంపుగా నుండును. బ్రిటిషు ప్రసార సంస్థ ప్రజలకు కంప్యూటరు పాఠములు చెప్పదలచి, ఆ పాఠములకు తగిన యంత్రమును చేయించెను. అందు 32768 నుండి 49151 వరకుగల చిరునామాలలో పదునారు శాశ్వత అరలు ఒకదాని తరువాత ఒకటి నిలువవచ్చును. అందులో నొక అరయే బేసిక్! అనగా బేసిక్‌లో వ్రాసిన బాలుడు 65072 అను ద్వారమున తప్పుసంఖ్య వేసినచో, ఆ మాట వినిన బేసిక్కే రంగస్థలమునుండి తొలగిపోవును. ఆ ద్వారమునకు చెప్పవచ్చును గాని దానిని అడుగరాదు. ఇప్పుడు ఏ అర ముందున్నదని ప్రశ్నించినచో బదులు రాదు. అందుచేత యంత్రము 244వ గూటిలో ఆ సంఖ్య ప్రతి యొకటి వ్రాసి ఉంచుకొనును. మార్చునప్పుడు గురుతు వ్రాసికొనుము. లేకున్న ఎక్కడ నున్నావో నీకే తెలియదు.

తరువాతి కథ శీఘ్రముగా చెప్పవచ్చును. ఐబీఎం వారి పీసీకి ఇరువది చిరునామా తీగలు, 10,48,576 గూళ్లు. అవియు చాలలేదు. 1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి, పదునారు వేల గూళ్ల పుటలు నాలుగు పట్టు కిటికీని ఏర్పరచి, దాని వెనుక లక్షల గూళ్లను త్రిప్పిరి. అదే సంవత్సరమున ఇంటెల్ 80386 ముప్పదిరెండు తీగల చిరునామాతో వచ్చెను; లెక్క నాలుగువందల కోట్ల గూళ్లు దాటెను. అట్లాసు ఆరంభించిన ధనికుల మార్గము అందరి మార్గమైనది. నేడు మన చేతిఫోనులలో జ్ఞాపకపు పుటలు నిమిషమునకు లక్షలసార్లు మారుచున్నను మనకు తెలియదు. తెరలు లాగువాడు కనబడుట లేదు. నాటకము మాత్రము సాగుచున్నది.

ఇప్పుడు జిన్నారమునకు మరలుదము.

ఆ రాత్రి మామ లాంతరు ముందు కూర్చుండి, కాగితముపై ఇరువది పేర్లు వ్రాసి, ఎవరెన్ని కిస్తులు కట్టిరో జ్ఞాపకము చేసికొనుచుండెను. అత్తమ్మ ప్రక్కన కూర్చుండి తనకు తోచినది చెప్పుచుండెను. పంతొమ్మిది పేర్లు సరిపోయినవి. ఒక్క పేరు సరిపడలేదు. సాయంకాలము అరుగుమీద ఆయన పన్నెండు కిస్తులు కట్టితిననెను. పదకొండే అని మామకు జ్ఞాపకము. ఆయన బీదవాడు, చేను కౌలుకు చేయువాడు. “తనే మర్చిపోయి ఉంటడు,” అని మామ అనెను. తనవైపు మరపు ఉండునేమో అని ఆయనకు తోచినట్లు లేదు. గోడవైపు తిరిగి పడుకొని నేను అన్నియు వినుచుంటిని. మాట గొంతువరకు వచ్చెను గాని పైకి రాలేదు.

తెల్లవారిన పిదప, మామ పళ్లు తోముకొనుచుండగా పోయి నిలుచుంటిని. “మామా, నిన్న పెట్టె నేనే ముట్టిన,” అంటిని. ఆయన నావంక చూచెను, కోపపడలేదు. “ఏది నొక్కినవో చూపెట్టు అల్లుడా,” అనెను. చూపితిని. తెరమీద రెండు అని ఉన్న అంకె ఒకటి అయ్యెను. లెక్కలన్నియు వచ్చి నిలుచున్నవి. మామ మెట్టుమీద అట్లే కూర్చుండిపోయెను. తరువాత ఆ ఒక్క పేరు తీసి చూచెను. పన్నెండు కిస్తులు. యంత్రమున ఉన్నది మామ తానే నెలనెల వ్రాసినది. తప్పినది ఆయన జ్ఞాపకము.

నన్ను తిట్టుదురనుకొంటిని. ఆయన అంగీ తొడుగుకొని, నన్ను వెంటబెట్టుకొని, ఆ రైతు ఇంటికి నడచెను. రాత్రి తన జ్ఞాపకముమీద తాను ఉంచిన నమ్మకమును గురించి ఆయనతో చెప్పెను. “నువ్వు చెప్పిందే నిజం, నాదే తప్పు,” అనెను. అది వినుటకు అక్కడ నేనును ఆ రైతు భార్యయు తప్ప ఎవరును లేరు. అరుగుమీద పదిమందిలో పడిన అనుమానమును ఇంటి గుమ్మమున ఒక్కనికి చెప్పి తీర్చుట చాలదని ఆయనకే తోచెనేమో, ఆనాటి సాయంకాలము సభ్యులను మరల పిలిచి అదే మాట అందరి ముందు చెప్పెను. పాట ఆ రాత్రి జరిగినది.

ఆ మరునాడు మామ సంగారెడ్డి పోయి, ఎఱ్ఱ అట్ట పుస్తకము కొని తెచ్చి, యంత్రములోనిదెల్ల అందులో ఎత్తి వ్రాసెను. నేను చదివితిని; ఆయన వ్రాసెను. నాకు అది శిక్ష అని అప్పుడు తోచినది గాని, పనిలో భాగస్వామిని చేసినాడని తరువాత గ్రహించితిని.

ఈ జాతి యంత్రముల జ్ఞాపకము బ్యాటరీ ఉన్నంతకాలమే నిలుచును. సెల్లులు మార్చక, లోపలి చిన్న బ్యాటరీయు అడుగంటినచో, ఒకటవ అర, రెండవ అర అను భేదము లేక అన్నియు శూన్యమగును. మామ పెట్టెకును కాలక్రమమున అదే గతి పట్టినది. అందులోని రెండు అరలును ఇప్పుడు ఖాళీయే. ఎఱ్ఱ అట్ట పుస్తకము మాత్రము జిన్నారమున ఇంటిలో ఉన్నది. అందు ఆ రైతు పేరు ఎదుట పన్నెండు అను అంకె క్రింద మామ రెండు గీతలు గీసి ఉంచెను.